ఒకే కాడికి రెండెడ్లు – వోల్ఫ్స్‌బర్గ్ నగరమూ, హైబ్రిడ్ కారూ



సాంస్కృతికోత్సవంలో కార్ల ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు మమ్మల్ని అడిగింది వేరే విషయం మీదనే. అయితే ఈ మధ్య మన డర్బన్‌లో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పురుటికి వెళ్ళినా ఒకే ప్రశ్న వినబడుతున్నది: “మాస్టారూ, హైబ్రిడ్ కొనవచ్చునా? నిజంగా పెట్రోలు మిగులుతుందా?” జీవితమంతా సైన్సు పాఠం చెప్పి పింఛను పుచ్చుకుంటున్న వాళ్ళం గనుక మాకు జవాబు తెలిసే ఉండాలని అందరి నమ్మకం. క్రిందటి యేడు మనకు చలికాలం, వారికి వేసవికాలం అయిన రోజులలో మేము జర్మనీ దేశంలోని వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళి ఆ ఊరూ, అక్కడి కార్ఖానా చూసి వచ్చాము. కనుక ఆ ఊరి కథా, ఈ బండి కథా కలిపి తెలుగులోనే చెప్పాలని మా ప్రయత్నం. కారు పాఠం తెలుగులో చెప్పడం కుదరదని మన పిల్లలు అనుకుంటున్నారు. కుదురుతుందో లేదో చివరకు వారే చెప్పాలి.

వోల్ఫ్స్‌బర్గ్ పాత ఊరు కాదు. 1938లో నాజీ ప్రభుత్వం ఒక కారు కోసం కట్టించిన పట్నం. మొదట దాని పేరు కూడా ఆ కారు పేరే. యుద్ధం ముగిసిన 1945 మే నెలలో, దగ్గరనున్న పాత కోట పేరు తీసుకొని వోల్ఫ్స్‌బర్గ్ అన్నారు. మిట్టెల్‌లాండ్ కాలువకు ఒక ఒడ్డున కార్ఖానా, రెండవ ఒడ్డున ఊరు. ఎర్ర ఇటుకల గోడ కాలువ వెంబడి ఎంతదూరం నడిచినా తరగదు. లోపలి స్థలం ఆరున్నర చదరపు కిలోమీటర్లు. యుద్ధకాలంలో అక్కడ పనిచేసినవారిలో సుమారు 20,000 మంది బలవంతంగా తేబడినవారు; కార్ఖానాలోని పాత బాంబు రక్షణ గదులలో వారి జ్ఞాపకార్థం ఒక ప్రదర్శన 1999లో ఏర్పాటయింది. ఆ తరువాత 1962 నుంచి ఇటలీ కూలీలు వచ్చారు. వారికి కర్ర బారకులు కట్టి ఇచ్చారు. బారకులు అన్న మాట వినగానే మాకు చెరకు తోటల బారకులు మనసులో మెదిలాయి. మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన మా తాతగారూ, మీ తాతగార్లూ కాపురం పెట్టింది అటువంటి వాటిలోనే గదా! నేడు ఆ ఇటలీవారి మనుమలు జర్మన్ మాట్లాడుతారు. ఇటాలియన్ ఎవరికి ఎంత వచ్చునో మేము అడగలేదు. అడిగితే వారు మనల్ని తిరిగి అడుగుతారు!

ఇక బండి సంగతి.

హైబ్రిడ్ అంటే సంకరం. ఒకే కారులో పెట్రోలు ఇంజను ఒకటి, విద్యుత్ మోటారు ఒకటి. ఒకే కాడికి కట్టిన రెండెడ్లు అనుకోండి. కాని ఇవి జోడెడ్లు కావు. ఒకదాని గుణం ఒకదానికి లేదు. విద్యుత్ మోటారు నిలిచియున్న చోటినుంచే పూర్తి బలంతో లాగుతుంది, ఆగితే ఏమీ మేయదు. పెట్రోలు ఇంజను అట్లా కాదు. అది ఒక మోస్తరు వేగంతో, తగినంత బరువు లాగుతున్నప్పుడు మాత్రమే మనసుపెట్టి పనిచేస్తుంది. అప్పుడైనా పెట్రోలులోని శక్తిలో నూటికి 35, మహా అయితే 40 వంతులే చక్రానికి పనికివస్తుంది. తక్కినది వేడి రూపంలో రేడియేటరు నుంచీ, పొగగొట్టం నుంచీ పోతుంది. నెమ్మదిగా ప్రాకే ట్రాఫిక్కులో ఈ లెక్క ఇంకా దిగజారుతుంది. ఎర్రదీపం దగ్గర ఆగి గురగురలాడుతున్న ఇంజను పని విలువ సున్న. మేత మాత్రం మేస్తూనే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదని అనుకోకండి. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షె అనే యువకుడు వియన్నాలో లోనర్ కంపెనీ కోసం “సెంపర్ వివుస్” అనే బండి తయారు చేశాడు. లాటిన్‌లో ఎల్లప్పుడూ జీవించేది అని అర్థం. రెండు చిన్న పెట్రోలు ఇంజన్లు విద్యుత్తు పుట్టిస్తే, ముందు చక్రాల కుండలలో అమర్చిన మోటార్లు బండిని నడిపేవి. బ్యాటరీ బరువు మోయలేక, ఖర్చు భరించలేక ఆ దారి మూసుకుపోయింది. చిత్రమేమంటే, ముప్పై ఏళ్ళు దాటిన తరువాత వోల్ఫ్స్‌బర్గ్ కార్ఖానా ఏ కారు కోసం పుట్టిందో ఆ బీటిల్ కారును గీసినదీ ఆ పోర్షెగారే. 1976లో ఫోక్స్‌వాగన్‌వారు తమ వ్యాను బండిని పెట్రోలు-విద్యుత్ టాక్సీగా మార్చి న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శించారు. అదీ ప్రదర్శనతోనే ఆగిపోయింది. జనం పెద్ద సంఖ్యలో కొన్న మొదటి హైబ్రిడ్ 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్. వోల్ఫ్స్‌బర్గ్‌వారు అప్పటికి డీజిల్ మీదనే నమ్మకం పెట్టుకొని ఉన్నారు.

ఇప్పుడు బ్రేకు పాఠం. పిల్లలూ, ఇది మీకోసమే. పలకా బలపం అక్కరలేదు, మనసులోనే వేసుకోవచ్చు. 1,400 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. దాని గతిశక్తి సుమారు 1,35,000 జౌళ్ళు. దీపం ఎర్రబడింది, బ్రేకు వేశారు. ఆ శక్తి ఏమయింది? బ్రేకు పలకలు వేడెక్కి గాలిలో కలిసిపోయింది. మళ్ళీ ఆ వేగం అందుకోవడానికి ఎంత పెట్రోలు కావాలి? లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నది. పట్నపు నడకలో ఇంజను అందులో నాలుగవ వంతు ఉపయోగిస్తుందనుకుంటే, ఒక్కొక్క ఆగుడుకు 17 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాతో మూడు చెంచాల పైమాటే, రోడ్డు మీద పారబోసినట్లు. చాట్స్‌వర్త్ నుంచి ఊళ్ళోకి వెళ్ళి వచ్చేసరికి 40 సార్లు ఆగితే దాదాపు 680 మిల్లీలీటర్లు. వంటింట్లో ఎవరైనా రోజూ అంత నూనె పారబోస్తే ఊరుకుంటామా?

హైబ్రిడ్‌లో బ్రేకు తొక్కగానే మోటారు తలక్రిందులుగా పనిచేస్తుంది. చక్రమే మోటారును త్రిప్పుతుంది, మోటారు డైనమో అయి బ్యాటరీలోకి విద్యుత్తు పంపుతుంది. ఆ త్రిప్పుడు భారానికే బండి నెమ్మదిస్తుంది. పాత సైకిలు డైనమో చక్రానికి ఆనించగానే తొక్కడం బరువయ్యేది చూడండి, అదే సంగతి. చక్రం నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి మళ్ళీ చక్రానికి వచ్చేసరికి కొంత నష్టం పోయి, సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా తిరిగి దక్కుతుంది.

ఈ పాఠం తరగతిలో చెప్పినప్పుడు ఒక చిన్నది లేచి, “అయితే ఊరికే బ్రేకులు వేస్తూ పోతే బ్యాటరీ నిండుతుంది గదా, ఇక పెట్రోలెందుకు?” అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న పెద్దవాళ్ళు అడగరు. ఆ వేగాన్ని ముందు ఇచ్చినదెవరు? పెట్రోలే. బ్రేకు కొత్త శక్తిని పుట్టించదు. ఒక జేబులోని డబ్బు రెండవ జేబులోకి మారుస్తున్నది, అదీ దారిలో కాస్త రుసుము చెల్లించి. ఎంత తక్కువ ఆగితే అంత మేలు హైబ్రిడ్‌కు కూడా. ముందు చూసి కాలు తీసి నడిపేవారికి మామూలు కారైనా తక్కువ త్రాగుతుంది.

అంగడిలో హైబ్రిడ్ అనే పేరు మీద మూడు రకాల బండ్లు అమ్ముతున్నారు. వీటి భేదం తెలియకపోతే మోసపోవడం ఖాయం. మొదటిది 48 వోల్టుల చిన్న బ్యాటరీతో, ఇంజనుకు బెల్టుతో తగిలించిన చిన్న మోటారుతో నడిచేది. ఎనిమిదవ తరం గోల్ఫ్‌లో కూడా అటువంటి రకం ఉన్నది. అది ఇంజనుకు చేయూత మాత్రమే ఇస్తుంది. విద్యుత్తు ఒక్కదానితో కారును నడపలేదు. మిగిలేదీ కొద్దిగానే. రెండవది అసలు హైబ్రిడ్. టొయోటా పద్ధతిలో ఇంజనూ, రెండు మోటారు-జెనరేటర్లూ ఒక గ్రహచక్రాల గేరుతో కలిసి ఉంటాయి. నడుమ పంటి చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని చుట్టిన వలయం. ఇంజను తనకు నచ్చిన వేగంతో తిరుగుతుంది, చక్రాలు రోడ్డు కోరిన వేగంతో తిరుగుతాయి, తేడాను మోటార్లు సర్దుకుంటాయి. ఇంట్లో అత్తాకోడళ్ళ నడుమ పెద్దాయన సర్దుబాటు చేసినట్లు. దీనికి ప్లగ్గు లేదు. మన ప్రాస్పెక్టన్ కార్ఖానాలో 2021 నుంచి తయారైన కరోలా క్రాస్ హైబ్రిడ్ ఈ జాతిదే. మన ఊళ్ళోనే పుట్టిన బండి గనుక దీని పేరు చెప్పాము గాని, మాకెవరూ కమీషను ఇవ్వలేదు!

మూడవది ప్లగ్గు హైబ్రిడ్. వోల్ఫ్స్‌బర్గ్‌వారి ప్రత్యేకత ఇదే. 2014లో వచ్చిన గోల్ఫ్ జీటీఈలో పెట్రోలు ఇంజనుకూ గేరు పెట్టెకూ నడుమ మోటారును ఇరికించి, క్లచ్చుతో ఇంజనును పూర్తిగా విడదీసే వీలు కల్పించారు. క్లచ్చు విడితే అది విద్యుత్ కారు; కలిస్తే రెండెడ్లూ ఒక్కసారే లాగుతాయి. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే సుమారు 50 కిలోమీటర్లు విద్యుత్తుతోనే నడుస్తుందన్నారు. 2024 నాటి గోల్ఫ్ ఇ-హైబ్రిడ్‌లో బ్యాటరీ 19.7 యూనిట్లకు పెరిగి, ప్రయోగశాల లెక్క ప్రకారం 140 కిలోమీటర్ల దాకా వచ్చింది.

ప్రయోగశాల లెక్క అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మొదటి జీటీఈకి కాగితం మీద 100 కిలోమీటర్లకు ఒకటిన్నర లీటరు చాలునని వ్రాశారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నిండా చార్జి చేసిన బ్యాటరీతో ఒక పరీక్ష, ఖాళీ బ్యాటరీతో ఒక పరీక్ష నడిపి, యజమాని తరచుగా ప్లగ్గు పెడతాడనే ఊహతో రెంటినీ కలిపి ఒక సగటు కడతారు. ప్లగ్గు పెట్టనివాడికి ఆ సగటు వర్తించదు. 2024 మార్చిలో యూరపు కమిషన్‌వారు 2021లో రిజిస్టరైన కార్ల లోపలి మీటర్లు చదివి చూస్తే, ప్లగ్గు హైబ్రిడ్లు కాగితం మీది అంకెకు దాదాపు మూడున్నర రెట్లు పొగ విడుస్తున్నట్లు తేలింది. మామూలు పెట్రోలు, డీజిలు కార్లలో ఆ తేడా నూటికి సుమారు 20 మాత్రమే. కంపెనీ కారు, కంపెనీ పెట్రోలు కార్డు ఉన్న ఉద్యోగి రాత్రిపూట తీగ పట్టుకొని ఎందుకు తంటాలు పడతాడు? కొందరి కార్లలో చార్జింగు తీగ చుట్టిన సంచి విప్పకుండానే ఉంటుందని అక్కడ మాకు నవ్వుతూ చెప్పారు.

వోల్ఫ్స్‌బర్గ్‌లో నిలబడి అంకెల నిజాయితీ గురించి మాట్లాడేటప్పుడు 2015 సెప్టెంబరును దాటవేయడం సబబు కాదు. ఆ నెల 18వ తేదీన అమెరికా పర్యావరణ సంస్థ, ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో పరీక్షను పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నదని ప్రకటించింది. పరీక్ష జరుగుతున్నప్పుడు బుద్ధిమంతుడు, రోడ్డెక్కితే మరొకడు. కంపెనీ ఒప్పుకున్నది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు తెలిపింది. అధిపతి వారంలోపలే రాజీనామా చేశాడు. పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లలను ముప్పై ఏళ్ళు పట్టుకున్నవాళ్ళం గనుక మాకు ఆశ్చర్యం తక్కువే గాని, చాకిరీ చేసిన కార్మికుడికి ఆ మచ్చలో భాగం పంచడం మాకు నచ్చదు.

అదే ఊరివారు తలచుకుంటే ఏమి చేయగలరో కూడా చెప్పాలి. 2002 ఏప్రిల్‌లో అప్పటి అధిపతి ఫెర్డినాండ్ పియెక్ — పోర్షెగారి దౌహిత్రుడు — ఒక సన్నని రెండు సీట్ల కారును వోల్ఫ్స్‌బర్గ్ నుంచి హాంబర్గ్ దాకా స్వయంగా నడుపుకొని వెళ్ళాడు. సగటున 100 కిలోమీటర్లకు 0.89 లీటరు డీజిల్ ఖర్చయింది. అందులో విద్యుత్ మోటారు లేదు. బరువు తగ్గించారు, గాలిని చీల్చుకుపోయే ఆకారం ఇచ్చారు, అంతే. 2013లో దానికి మోటారు చేర్చి ఎక్స్‌ఎల్1 అనే హైబ్రిడ్ చేశారు. 800 సీసీల రెండు సిలిండర్ల డీజిల్, 795 కిలోల బరువు. ఓస్నాబ్రుక్‌లో 250 మాత్రమే తయారయ్యాయి. ధర సామాన్యుడికి అందలేదు. ఈ రోజులలో మాత్రం రెండు టన్నుల ఏనుగుకు మోటారు తగిలించి పర్యావరణ మిత్రుడని పేరు పెడుతున్నారు. హైవే మీద గంటకు 120తో పోయేటప్పుడు బ్రేకు పని ఉండదు, గాలితో పోరాటమే ఉంటుంది. ఆ పోరాటం వేగం వర్గంతో పెరుగుతుంది. అక్కడ హైబ్రిడ్ ఆదా చాలావరకు కరిగిపోతుంది. వోల్ఫ్స్‌బర్గ్ బల్లపరుపు నేల, పక్కనే ఆటోబాన్. మనది గుట్టల ఊరు. 100 మీటర్ల దిగుడు దిగితే మన 1,400 కిలోల కారుకు యూనిట్‌లో మూడో వంతు పైన శక్తి దొరుకుతుంది. కాని మామూలు హైబ్రిడ్ బ్యాటరీ మొత్తమే ఒక యూనిట్ చుట్టుప్రక్కల, అందులోనూ కొంతే వాడుకోనిస్తారు. ఫీల్డ్స్ హిల్ వంటి నిడుపాటి దిగుడులో అది మధ్యలోనే నిండిపోయి, తక్కిన శక్తి ఎప్పటిలాగే వేడి అయిపోతుంది. ప్లగ్గు హైబ్రిడ్ పెద్ద బ్యాటరీకి ఆ చిక్కు లేదు.

అట్లాగని ప్లగ్గు రకమే మనకు మంచిదా అంటే, మా అభిప్రాయం కాదనే. విద్యుత్తు ఎక్కడినుంచి వస్తున్నదో చూడండి. గోడలోని ప్లగ్గు నుంచి లెక్కవేస్తే 100 కిలోమీటర్లకు సుమారు 18 యూనిట్లు కావాలి. జర్మనీలో గాలిమరలూ సౌరఫలకాలూ పెరిగినందువల్ల యూనిట్‌కు 400 గ్రాముల లోపే బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. అంటే 7 కిలోలు. మన దక్షిణాఫ్రికాలో నూటికి సుమారు 80 వంతుల విద్యుత్తు బొగ్గునుంచే. యూనిట్‌కు దాదాపు ఒక కిలో, అంటే 18 కిలోలు. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు. ప్లగ్గు లేని హైబ్రిడ్ 100 కిలోమీటర్లకు 5 లీటర్లు త్రాగితే పదకొండున్నర కిలోలు. 7 లీటర్ల మామూలు కారుకు 16 కిలోలు. పెట్రోలు తీయడానికీ శుద్ధి చేయడానికీ అయ్యేది ఇందులో కలపలేదు. అయినా చూడండి, వోల్ఫ్స్‌బర్గ్‌లో పుణ్యాత్మురాలైన కారు డర్బన్ చేరేసరికి బొగ్గు బండి అవుతున్నది! పైకప్పు మీద సౌరఫలకాలు ఉన్నవారి లెక్క వేరు: 3 కిలోవాట్ల ఫలకాలు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తే, అది 65 కిలోమీటర్ల నడక. అయితే పగలు కారు ఇంట్లో ఉండాలి. 2023లో కరెంటు కోతల్లో చీకట్లో వండుకొన్న రోజులు మరచిపోయినవారు ఇక్కడ ఎవరూ లేరనుకుంటాము. ఆ రోజుల్లో ప్లగ్గు లేని హైబ్రిడ్‌కు ఏ బెంగా లేదు.

డబ్బు సంగతి. ఊహకు ఒక లెక్క: హైబ్రిడ్‌కు 60,000 రాండ్లు ఎక్కువ పెట్టారనుకోండి, 100 కిలోమీటర్లకు 2 లీటర్లు మిగిలిందనుకోండి, లీటరు 22 రాండ్లు. ఏటా 15,000 కిలోమీటర్లు నడిపేవారికి 300 లీటర్లు, 6,600 రాండ్లు మిగులుతాయి. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు పైన పడుతుంది. ఏటా 40,000 కిలోమీటర్లు ఊళ్ళోనే తిరిగే వ్యాపారికి మూడున్నర ఏళ్ళలోపలే చేతికి వస్తుంది. గుడికీ, దుకాణానికీ, మనుమల ఇంటికీ తప్ప కారు తీయని మావంటి పింఛనుదార్లు ఉన్న బండిని చక్కగా సర్వీసు చేయించుకొని, టైర్లలో గాలి సరిగా ఉంచుకోవడమే లాభం. ఇది చెబితే కొందరు యువకులకు కోపం వస్తున్నది. అంకెలు మావి కావు, కూడిక తీసివేత మాత్రమే మావి.

మళ్ళీ ఆ ఊరి మాట. 2024 డిసెంబరు 20న కంపెనీకీ కార్మిక సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం 2030 లోగా జర్మనీలో 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గుతాయి. బలవంతంగా తీసివేయరట, ఖాళీలు నింపరు. 1974 నుంచి వోల్ఫ్స్‌బర్గ్‌లో తయారవుతున్న గోల్ఫ్‌ను 2027 నుంచి మెక్సికోలోని పుయెబ్లాకు పంపాలని నిర్ణయం. బీటిల్ కూడా చివరకు ఆ పుయెబ్లాలోనే 2003లో కన్నుమూసింది. మొదటి తరం గోల్ఫ్ మన యూటెన్‌హేగ్‌లో, ఇప్పటి కరియెగాలో, సిటీ గోల్ఫ్ పేరుతో 2009 దాకా బ్రతికింది. ఈ హాలులో దానిలో డ్రైవింగు నేర్చుకోనివారు ఎంతమంది? వోల్ఫ్స్‌బర్గ్‌వారికి పూర్తి విద్యుత్ కార్లు ఇస్తామంటున్నారు. ఆ కార్లలో ఇంజను లేదు, గేరు పెట్టె పెద్దగా లేదు, భాగాలు తక్కువ, చేతుల పనీ తక్కువ. హైబ్రిడ్‌లోనో, రెండు యంత్రాలూ బిగించాలి. అందుకే అక్కడివారికి హైబ్రిడ్ అంటే మైలేజీ లెక్క ఒక్కటే కాదు, ఇంకొన్నేళ్ళ పని. బస్సుకోసం నిలబడియుండగా ఇటలీ పేరున్న ఒక పెద్దాయన, తండ్రి బారకులో ఉన్నవాడే, మాతో అన్నాడు: తన కొడుకు అదే గేటులో పనికి పోతున్నాడు, మనుమడిని మాత్రం వేరే పని నేర్చుకోమంటున్నాడు. చెరకు మిల్లు మూతపడిన ఊళ్ళలో పెరిగిన మన కుటుంబాలకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందని ఇప్పుడే వెనుక వరుసనుంచి ఒకరు చీటీ పంపారు. కంపెనీలు సాధారణంగా ఎనిమిదేళ్ళ హామీ ఇస్తున్నాయి. పాత హైబ్రిడ్ కొనేవారు ఆ హామీలో ఎన్నేళ్ళు మిగిలియున్నదో కాగితం చూసి మరీ కొనండి, బ్యాటరీ పరీక్ష చీటీ అడగండి. తక్కిన ప్రశ్నలు భోజనాల దగ్గర. పులిహోర చల్లారిపోతున్నదని కార్యదర్శిగారు రెండుసార్లు సైగ చేశారు.